నిన్నటి కొమ్మలు

అయ్యవారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా, అడిగినవాణ్ణి ఏదో ఒక పని మీద పంపించేవారు. పని ముగించుకుని వచ్చేసరికి చాలామంది తమ ప్రశ్న మరిచిపోయేవాళ్ళు. మరిచిపోనివాళ్ళకు ఒక మాట చెప్పేవారు. ఆ మాటకూ ప్రశ్నకూ సంబంధం ఏమిటో ఒక్కోసారి వెంటనే తెలిసేది కాదు.

శిష్యుల్లో అందరికంటే చిన్నవాడు పశుపతికి ఈ పద్ధతి మింగుడుపడేది కాదు. ఇరవై రెండేళ్ళవాడు. చదువు కొంచెం, తపన ఎక్కువ. అయ్యవారుండే శంఖుదిబ్బకు వచ్చిన రోజు నుంచి అయ్యవారి నోట వచ్చిన ప్రతి మాటనూ ఎర్రగుడ్డ అట్ట వేసిన పుస్తకంలో రాసుకుంటూ వచ్చాడు. రెండేళ్ళలో పుస్తకం ముప్పాతిక నిండింది. ఒక సాయంత్రం దాన్ని మొదటి నుంచి చదువుకుంటూ ఉండగా అతని గుండె గతుక్కుమంది. నిరుడు, అన్నతో పడక గొడవపడుతున్న ఒక నేతగాడికి "ఇల్లు విడిచి పో" అన్నారు అయ్యవారు. మొన్న, అదే గొడవతో వచ్చిన ఒక వడ్రంగికి "ఇల్లు కదలకు" అన్నారు. రెండూ తన చేతిరాతే. రెండూ పొల్లుపోకుండా రాసినవే.

పుస్తకం చేతపట్టుకుని వెళ్ళి అడిగాడు. "అయ్యవారూ, ఈ రెంటిలో ఏది కొట్టెయ్యమంటారు?"

"కొట్టెయ్యడం ఎందుకు నాయనా?"

"ఈ పుస్తకాన్ని ఒడ్డున అద్దరిపాలెంలో ఉంచాలని నా కోరిక. ఇక మీదట అక్కడివాళ్ళు ఆటూ పోటూ చూసుకుని, బురద తొక్కుకుంటూ మీ దగ్గరికి రానక్కర్లేదు. కానీ రెండు దారులు చూపించే పుస్తకం ఎవరికి పనికొస్తుందండీ?"

అయ్యవారు ఉప్పు కుండ మూత తీసి చూశారు. "ఉప్పు నిండుకుంది," అన్నారు. "రేపు అద్దరిపాలెం వెళ్ళి పట్టుకురా. దేశమ్మతో వెళ్ళు. దేశమ్మతో రా."

నాలుగు జాలరి గుడిసెలు కూడా ఉన్న శంఖుదిబ్బ చేటమొగ అనే అఖాతం నడుమ ఉంది. పేరుకు తగ్గట్టే ఆ అఖాతం చేట ఆకారంలో ఉంటుంది. సముద్రం వైపు వెడల్పుగా తెరుచుకుని, లోపలికి వచ్చేకొద్దీ ఇరుకై, చిట్టచివర మడ చెట్ల మధ్య మూసుకుపోతుంది. బయట సముద్రంలో మోకాటెత్తు లేచే పోటు, ఈ ఇరుకులో పడేసరికి నీటి మీద నీరు ఎక్కి తాటిచెట్టంత పైకి లేస్తుంది. ఆటు వేళ అదే నీరు కనుచూపు దాటి వెనక్కి వెళ్ళిపోతుంది. అప్పుడు దిబ్బకూ ఒడ్డుకూ మధ్య అర కోసు మేర తడి నేల బయటపడి, ఆకాశం మొత్తం కిందకు దిగి పడుకున్నట్టు మెరుస్తుంది. రోజుకు రెండుసార్లు సముద్రం ఆ నేలను చేటలో పోసి చెరుగుతుంది. పొద్దున ఉన్న మిట్ట సాయంత్రానికి ఉండదు. నిన్న కాలు నిలిచిన చోట ఇవాళ ఊబి.

ఆ నేలకు అడ్డంగా ఒక పాయ పారుతుంది. ఆటు వేళ చీలమండ కూడా మునగదు. దాన్ని దొంగపాయ అంటారు. పోటు తిరిగినప్పుడు నీరు ఎదురుగా అలలై రాదు, ముందుగా ఈ పాయలోకి చప్పుడు లేకుండా చేరుతుంది. దిబ్బకు నడిచే మనిషి సముద్రం వైపు చూసి, అమ్మయ్య, ఇంకా ఎంతో దూరంలో ఉంది అనుకుంటాడు. అతని వెనుక, అతనికీ ఒడ్డుకూ మధ్య, పాయ మెడలోతుకు నిండిపోయి ఉంటుంది. ఆ పాయ కూడా ఒక చోట ఉండదు. ప్రతి పున్నమికీ అమావాస్యకీ మంచం మీద పక్క మార్చుకున్నట్టు జరుగుతుంది.

అందుకే ఆ దారిన ఎవరూ ఒంటరిగా నడవరు. దేశమ్మ నడిపిస్తుంది. అరవై ఏళ్ళ మనిషి, గోచీ పోసి కట్టిన చీర, చేతిలో గెడకర్ర, నెత్తిన మడకొమ్మల మోపు. ఆటు మొదలవగానే ముందుగా తను దిగి, గెడతో నేలను పొడిచి చూసుకుంటూ, వంద అడుగులకొక కొమ్మ పాతుకుంటూ దిబ్బ దాకా వెళుతుంది. జనం ఆ కొమ్మల వెంట నడుస్తారు. తిరుగు ప్రయాణంలో అందరికంటే వెనుక నడుస్తూ ఒక్కో కొమ్మా పెరికి మళ్ళీ మోపు కడుతుంది. ఊళ్ళో అందరూ ఆమెను కొమ్మలత్త అంటారు.

పశుపతి బయలుదేరింది పున్నమి నాటి ఉదయం. అయ్యవారి దగ్గరికి వచ్చి వెళుతున్న నలుగురు ఆడవాళ్ళు ముందు నడుస్తున్నారు. పశుపతి దేశమ్మ పక్కన వెనకబడ్డాడు. ఆమె వంగి కొమ్మ పెరికినప్పుడల్లా మూలగడం విని అతనికి జాలి వేసింది.

"అత్తా, ఇంత కష్టపడి పాతినవి మళ్ళీ పెరకడం ఎందుకు? ఉంచితే రేపు ఎవరికైనా దారి తెలుస్తుంది కదా."

"రేపటికి రేపు పాతుతాను సిన్నయ్యోరూ."

"ఒక్క రోజులో ఏం మారిపోతుంది?"

"నీకు పెళ్ళయిందా?"

"లేదు."

"అందుకే అడగతన్నావు."

ముందున్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. పశుపతి చెవులు ఎర్రబడ్డాయి.

దొంగపాయ దాటాక దేశమ్మ ఒక కొమ్మ దగ్గర వంగి, అలాగే ఉండిపోయింది. నడుం పట్టేసింది. ఇద్దరు ఆడవాళ్ళు చెరో రెక్కా పట్టుకుని నిలబెట్టారు. ఆమె నొప్పిని పళ్ళ మధ్య నొక్కిపట్టి పశుపతి వైపు తిరిగింది. "ఇక్కణ్ణుంచి ఒడ్డు దాకా ఇరవైనాలుగు ఉన్నాయి. నువ్వు పెరుక్కుని రా. ఒక్కటీ ఒగ్గకు."

వాళ్ళు ముందుకు వెళ్ళిపోయారు. పశుపతి ఆ విశాలమైన తడి నేల మీద ఒక్కడే మిగిలాడు. ఎండ వాలుగా పడి ఇసుక మీది అలల గీతలన్నీ బంగారు పోగుల్లా కనిపిస్తున్నాయి. ఆ మెరుపులో ఒడ్డు దాకా వరుసగా మడకొమ్మలు గాలికి ఊగుతూ, ఎవరో చేతులెత్తి రమ్మని పిలుస్తున్నట్టు ఉన్నాయి. అతనికి ఇంతటి అందమైన దారిని చేతులారా చెరిపేయడం పాపమనిపించింది. ఎక్కడో ఒక బాటసారి. దారి తప్పి, అలసి, ఈ ఒడ్డుకు వస్తాడు. ఈ ఆకుపచ్చ చేతులు చూసి అతని ప్రాణం లేచొస్తుంది. ఎవరు పాతారో అతనికి ఎన్నటికీ తెలియదు. అలా ఊహించుకునేసరికి పశుపతి కళ్ళు చెమ్మగిల్లాయి. ఒకటి విడిచి ఒకటి పెరికాడు. పన్నెండు చేతికొచ్చాయి, పన్నెండు నేలలోనే మిగిలాయి.

ఒడ్డు దగ్గర పడ్డాక లెక్క గుర్తొచ్చింది. గట్టు పక్కన మడ పొద ఉంది. అటూ ఇటూ చూసి పన్నెండు కొమ్మలు విరిచాడు. మొదళ్ళను బురదలో ముంచి మోపులో కలిపాడు. అబద్ధమాడుతున్నానని అతనికి అనిపించలేదు. మంచి పని గుట్టుగా చేస్తున్నాననిపించింది.

దేశమ్మ గడపలో కూర్చుని కొమ్మలన్నీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. సరిపోయాయి. అప్పుడు లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది. "కొమ్మలన్నీ గడప దాటినాకే పొయ్యి. మా అత్త పెట్టిన ఆన," అంది. "ఆవిడకి ఆవిడ అత్త పెట్టింది. ఒక్కటి బయట ఉండిపోయినా ఈ ఇంట్లో కూడు వొండం." వేడి అన్నంలో గోంగూర పచ్చడి వేసి అతని ముందు పెట్టింది. పశుపతికి అన్నం హాయిగా దిగింది. అది తలుచుకుని తరువాత చాలా రోజులు సిగ్గుపడ్డాడు.

ఆ రాత్రి పున్నమి పోటు వచ్చింది. అరుగు మీద పడుకున్న అతనికి, చీకట్లో ఏదో పెద్ద జంతువు నేలను తిరగదోడుతున్నట్టు చప్పుడు వినిపిస్తూనే ఉంది.

పున్నమి మర్నాటిని అద్దరిపాలెంలో చూపు రోజు అంటారు. ఆ రోజు ఎవరూ దాటరు. దేశమ్మ ఒక్కతే ఆటులో దిగి, పాయ ఎటు జరిగిందో, కొత్త ఊబి ఎక్కడ పడిందో చూసుకుని వస్తుంది. కానీ ఆ రోజు ఆమె లేవలేకపోయింది. అరుగు మీద బోర్లా పడుకుని, వేడి ఉప్పుమూటతో నడుముకు కాపడం పెట్టించుకుంటోంది. పశుపతి ఉప్పు కొనడం ఎలాగూ అయిపోయింది కనుక, గట్టు మీద కూర్చుని ఎర్ర పుస్తకం ఒళ్ళో పెట్టుకుని సముద్రం లేని ఆ నేలను చూస్తున్నాడు. ఎండ నడినెత్తికి వస్తోంది.

అప్పుడు దూరంగా ఒక మనిషి కనిపించాడు. భుజాన ఏదో పెద్ద మూట. ఒడ్డుకు వీపు పెట్టి దిబ్బ వైపు నడుస్తున్నాడు. పశుపతి మొదట ఊరికే చూశాడు. తరువాత, ఆ మనిషి ఒకచోట ఆగి, చుట్టూ చూసి, ఏదో గుర్తు దొరికినట్టు మళ్ళీ తిన్నగా నడవడం చూశాడు. కొంచెం దూరం పోయాక మళ్ళీ అలాగే ఆగి, అలాగే నడిచాడు. పశుపతి పుస్తకం మూశాడు. లేచి వచ్చి దాన్ని అరుగు మీద పెట్టాడు.

"అత్తా, చూపు రోజున దిబ్బకు ఎవరైనా వెళతారా?"

"పిచ్చోడు కూడా ఎల్లడు. కొమ్మలు నేవు కదా." ఆమె తల తిప్పి చూసింది. "ఎందుకడిగినావు?"

"ఎవరో వెళుతున్నారు."

దేశమ్మ ఉప్పుమూట పక్కకు నెట్టి లేచింది. నడుం పట్టుకునే గట్టెక్కి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఎవడో కొత్తోడు. మరి నిన్నటి దారంటే తిన్నగా ఎలా పోతన్నాడు?"

"కొమ్మలున్నాయి అత్తా."

"నిన్న నా సేత్తో లెక్కెట్టినాను."

"వాటిలో పన్నెండు ఇక్కడి పొదలోవి."

ఆమె అతని వైపు చూసింది. తిడుతుందనుకున్నాడు. ఒకటో రెండో తగిలిస్తుందనుకున్నాడు. ఆమె ఇంటి గోడకు ఆనించి ఉన్న పొడవాటి చెక్కను చూపించింది. ఒండ్రు మీద పీతలకు పోయేవాళ్ళు పొట్ట కింద వేసుకుని జారే చెక్క అది. "తాడట్టుకుని లాగు. బేగి."

"పోటుకు ఇంకెంత టైముంది?"

"ఎసట్లో బియ్యం ఉడికేంత," అంది దేశమ్మ, గెడకర్ర అందుకుంటూ.

వాళ్ళు దిగారు. నడుం పట్టేసిన ముసలమ్మ అంత వేగంగా నడవగలదని పశుపతి అనుకోలేదు. గెడ ముందు పడేది, కాలు తరువాత పడేది. మూడు వందల అడుగులు వెళ్ళగానే ఆమె ఆగింది. కాళ్ళ కింద సన్నగా నీరు పారుతోంది. నిన్న ఇక్కడ నీరు లేదు.

"ఇదే దొంగపాయ," అంది. "రాత్రికి రాత్రి ఒడ్డు దగ్గరకు వొచ్చీసింది." ఒక ఆకు తుంచి నీళ్ళలో వేసింది. ఆకు సముద్రం వైపు మెల్లగా సాగింది. "ఇంకా ఆటే. నడు."

"మరి నిన్న పాయ ఉన్నచోట ఏముంది?"

"కొత్త ఒండ్రు. పైన పెరుగు మీది మీగడలాగ ఉంటాది. కింద ఏటీ నేదు."

మొదటి కొమ్మ కనిపించింది. రాత్రి పోటుకు ఒంగిపోయి కూడా నిలబడే ఉంది. ఆకులు నిన్నటంత పచ్చగా ఉన్నాయి. పశుపతి దాన్ని చూడలేక తల దించుకున్నాడు. దాని తరువాత ఇంకొకటి. ఆ తరువాత ఒకటి లేదు, మళ్ళీ ఒకటి ఉంది. ప్రతి కొమ్మా ఆ మనిషి వెళ్ళిన దిక్కే చూపిస్తోంది. అంతలో గాలిలో ఒక చప్పుడు వినిపించింది. గలగలమని, పెళ్ళివారింట్లో వినిపించేటటువంటి చప్పుడు. ఆ ఖాళీ నేల మీద అది వినేసరికి అతని ఒళ్ళు జలదరించింది.

గాజులు అమ్ముకునే మనిషి. తొడల దాకా ఒండ్రులో దిగిపోయి ఉన్నాడు. కాలు కదిపినప్పుడల్లా భుజం మీది గాజుల మలారం గలగలలాడుతోంది. కదిపినప్పుడల్లా ఇంకొంచెం దిగుతున్నాడు. వాళ్ళను చూసి అతని ముఖం వికసించింది.

"మెల్లిగా రండి తల్లీ, సరుకు గాజు," అన్నాడు.

"ఊరేది, పేరేది?" అంది దేశమ్మ, ఒండ్రు అంచున గెడతో పొడిచి చూస్తూ.

"అంకయ్యండి. పైనున్న ఊళ్ళవాణ్ణి. దిబ్బ మీద ఎవరో పిల్లకు సీమంతమంటే బయలుదేరాను. కొమ్మలు కనబడ్డాయి, దారి ఉందనుకున్నాను." అతను నవ్వబోయాడు, నవ్వు సగంలో ఆగిపోయింది. "ఇక్కడి నేల కాలు వదలడం లేదేంటమ్మా?"

"కాలు కదపకు. మలారం ఒగ్గీ."

"ఆ పిల్ల ఎదురుచూస్తుంటుందమ్మా. నిండు నెలలు."

"ఆ పిల్లకి గాజులు ఎవడైనా తొడుగుతాడు. నీ ఇంట్లో ఉన్నదాని సేతికి గాజులు ఉండాలా, వొద్దా?"

అంకయ్య తాడు భుజం మీంచి తీసి, మలారాన్ని పసిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా పక్కన పెట్టాడు. అది ఒక్క క్షణం నిలిచింది. ఎర్రవీ పచ్చవీ ఎండలో తళుక్కుమన్నాయి. తరువాత ఒండ్రు దాన్ని చప్పుడు లేకుండా లోపలికి తీసుకుంది. ముగ్గురూ చూశారు. అప్పుడే అంకయ్యకు తను ఎక్కడ నిలబడ్డాడో తెలిసింది.

చెక్క మీద బోర్లా పడుకుని పశుపతి ముందుకు జారాడు. "ఎనక్కి పడుకో, మంచం మీద పడుకున్నట్టు," అని దేశమ్మ ఒండ్రు అంచు నుంచి చెబుతోంది. "సేతులు సాపు. ఒక కాలు ఆడించు, రెండోది మరిసిపో." అంకయ్య వెనక్కి పడుకున్నాడు. పశుపతి అతని చంకల కింద చేతులు వేసి పట్టుకున్నాడు. లాగకూడదని చెప్పింది, పట్టుకునే ఉండమంది. ఒండ్రు ఆ కాలిని ముద్ద ముద్దగా వదులుతోంది. ఒక కాలు వచ్చింది. రెండోది రావడం లేదు. పశుపతి చెంప అంకయ్య తడి జుట్టుకు ఆని ఉంది, అతని గుండె కొట్టుకోవడం తన చేతుల్లో తెలుస్తోంది. అతను తల పక్కకు తిప్పి ఒడ్డు వైపు చూశాడు. ఇందాక చారలా ఉన్న దొంగపాయ ఇప్పుడు చీర పరిచినంత వెడల్పుగా మెరుస్తోంది. సముద్రం వైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు. సముద్రం ఇంకా ఎంతో దూరంలో ప్రశాంతంగా ఉంది.

"అత్తా, పాయ."

"సూసినాను. నీ పని నువ్వు సెయ్యి."

రెండో కాలు వచ్చేసరికి ఇసుక మీది గీతల్లో నీరు చేరింది. ముగ్గురూ చెక్కను ఈడ్చుకుంటూ పాయ దగ్గరికి వచ్చారు. దేశమ్మ మళ్ళీ ఆకు తుంచి వేసింది. ఆకు ఒకచోట నిలబడి చిన్నగా గుండ్రం తిరిగింది, తరువాత లోపలి వైపుకు పరుగెత్తింది. ఆమె గెడ దింపి చూసింది. గెడ సగం మునిగింది.

"నాకు ఈత రాదమ్మా," అన్నాడు అంకయ్య.

"మంచిదే. వొచ్చినోడే ఎదురీది సస్తాడు." ఆమె చెక్కను నీళ్ళలోకి తోసింది. "ఇద్దరూ దీని మీద సేతులేసి పట్టుకోండి. ఒడ్డు కనబడతాది, కళ్ళకెదురుగానే ఉంటాది. దానెనక పడకండి. నీరు ఎటు తోస్తే అటే. సేటలో గింజలు ఎక్కడికి సేరతాయో మనమూ అక్కడికే సేరతాం."

నీరు వాళ్ళను ఎత్తుకుంది. పశుపతి ఆ తరువాత ఎప్పుడు సముద్రం తలుచుకున్నా ఆ క్షణమే గుర్తొచ్చేది. కాళ్ళ కింద నేల మాయమైంది. కుడిచేతి వైపు అద్దరిపాలెం గట్టు, దేశమ్మ ఇంటి కప్పు, ఆరేసిన వలలు, అన్నీ పక్క నుంచి జారిపోతున్నాయి. నాలుగు బారలు ఈదితే అందుకోవచ్చుననిపించేంత దగ్గర. అతని ఒళ్ళంతా అటు లాగింది. దేశమ్మ చెయ్యి అతని మణికట్టు మీద పడింది. ముసలి చెయ్యి, గట్టి చెయ్యి. అతను ఈదలేదు. అంకయ్య కళ్ళు మూసుకుని తన ఇంటిదాని పేరు జపిస్తున్నాడు.

చేట అడుగున మడ చెట్లు నీళ్ళలోంచి తలలు మాత్రం పైకి పెట్టి ఉన్నాయి. నీరు వాళ్ళను తెచ్చి ఆ కొమ్మల్లో పడేసింది. ముగ్గురూ ఒక చెట్టెక్కి కూర్చున్నారు. కాసేపటికి అంకయ్యకు మాట వచ్చింది. "ఆ కొమ్మలు పాతినవాడు దొరికితే," అన్నాడు, "నాలుగు డజన్లు తొడిగి ఊరంతా తిప్పుతాను."

దేశమ్మ పశుపతి వైపు చూడకుండా అంది, "పాతింది నాను."

అంకయ్య బిత్తరపోయాడు. పశుపతి పక్కనున్న కొమ్మను రెండు చేతులా పట్టుకున్నాడు. "పాతింది ఆవిడే," అన్నాడు. "పెరకనిది నేను." అంకయ్య తల గుడ్డ పిండి, దులిపి, చలికి వణుకుతున్న పశుపతి భుజాల మీద కప్పాడు. ఎందుకు కప్పాడో అతనికే తెలియనట్టుంది. చెట్టు నుంచి చెట్టుకు పట్టుకుంటూ గట్టు చేరేసరికి పొద్దు వాలింది.

ఆ సాయంత్రం దేశమ్మ ఇంట్లో పొయ్యి వెలగలేదు. మర్నాడు ఆటులో దిగి నిలబడి ఉన్న కొమ్మలు పెరుక్కొచ్చారు. ఏడు. మిగిలిన అయిదింటినీ పోటు ఎత్తుకుపోయింది. పశుపతి మడ చెట్ల మొదళ్ళలో, పోటు వదిలిన చెత్తలో, నాచులో, గవ్వల్లో మోకాళ్ళ మీద పాకుతూ వెతికాడు. పచ్చ గాజు ముక్కలు దొరికాయి, ఎర్ర గాజు ముక్కలు దొరికాయి. ఆ రోజు రెండు కొమ్మలు దొరికాయి. మూడో రోజు ఇంకో రెండు. ఇరుగుపొరుగు వాళ్ళు దేశమ్మకు అన్నం తెచ్చి పెడితే తింది, పశుపతికీ పెట్టింది. ఇంట్లో మాత్రం నిప్పు లేదు. అయిదోది దొరకలేదు.

నాలుగో రోజు ఉదయం ఆమె చల్లారిన పొయ్యి ముందు కూర్చుని ఉంది. అతను గడప బయట నిలబడ్డాడు.

"అది ఇక నా లెక్కలోది కాదు," అంది దేశమ్మ. "నీ లెక్కలోది." అని పొయ్యి వెలిగించింది.

ఆ రోజు కొత్త దారి పడింది. పశుపతి ఉప్పుమూట నెత్తిన పెట్టుకుని, దేశమ్మ పాతిన కొమ్మల వెంట దిబ్బకు చేరాడు. ఒడ్డుకు తిరిగి వెళ్ళేవాళ్ళతో ఆమె వెనుదిరిగింది. అతను దిబ్బ అంచున నిలబడి, ఆమె వంగి ఒక్కో కొమ్మా పెరుకుతూ చిన్న చుక్కగా మారేదాకా చూశాడు.

అయ్యవారు ఉప్పు చేతిలోకి తీసుకుని చూశారు. "చెమ్మెక్కిందే," అన్నారు. ఏం జరిగిందని అడగలేదు. పశుపతే చెప్పాడు. అంతా చెప్పి, ఎర్ర పుస్తకం ఆయన ముందు పెట్టాడు. "దీన్ని దొంగపాయలో వేసేస్తానండీ."

అయ్యవారు పుస్తకం తెరిచి నేతగాడికి చెప్పిన మాట దగ్గర వేలు పెట్టారు. "ఇది నేనెప్పుడు చెప్పాను?"

"నిరుడు. ఏ నెలో గుర్తులేదు."

"అప్పుడు ఆ నేతగాడి చేతిలో ఏముంది?"

పశుపతి ఆలోచించాడు. ఆ మనిషి ఒంటి రంగు గుర్తుంది, గొంతు గుర్తుంది. చేతిలో ఏముందో అతను చూడలేదు. ఆ వేళ తను తల వంచి రాసుకుంటున్నాడు.

అయ్యవారు పుస్తకం మూసి అతని చేతిలో పెట్టారు.

"ఇప్పటికే నీ కొమ్మ ఒకటి సముద్రంలో తిరుగుతోంది. ఇది కూడా ఎందుకు? ఏదీ కొట్టెయ్యకు నాయనా. మాట పక్కన తిథి వేసుకో."